ఏదు తవిటమ్మ అద్దిన గుడ్డ

గుమ్మలకొండ నడుము దగ్గర పెద్ద గుహ ఒకటి ఉండేది. దాని నోరు తూర్పు వైపుకి. ముసురు పట్టిందంటే కొండ మీది జంతువులన్నీ అందులోకే చేరేవి. దుప్పులు, ఎలుగులు, ముంగిసలు, నక్కలు, ఏదుపందులు, అందరికీ అదే కప్పు. వానాకాలం వెళ్ళేదాకా ఒకరి జోలికి ఒకరు పోకూడదన్నది అక్కడి కట్టుబాటు. తప్పినవాళ్ళని వానలోకి పంపేసేవాళ్ళు కాబట్టి ఎవరూ తప్పేవాళ్ళు కాదు.

గుహ లోపలి కొసన గాలి తగలదు. ముసలివాళ్ళు అక్కడ ఎండుగడ్డి పరుచుకుని పడుకునేవాళ్ళు. ఆ చీకటి మూల తేళ్ళు తిరుగుతాయని పిల్లల్ని మాత్రం అటు రానిచ్చేవాళ్ళు కాదు. పొద్దున వాన తెరిపిస్తే గుహ నోటి దగ్గర కాసేపు ఎండ పడేది. వయసులో ఉన్నవాళ్ళు తిండి వెతుక్కోవడానికి కొండ దిగగానే ముసలివాళ్ళు ఒక్కొక్కరూ లోపలి నుంచి నడుచుకుంటూ వచ్చి ఆ ఎండలో కూర్చునేవాళ్ళు. పిల్లలు వాళ్ళ చుట్టూ చేరేవాళ్ళు. కన్నవాళ్ళు తిరిగొచ్చేదాకా పిల్లలకి వీళ్ళే కాపలా, వీళ్ళకి పిల్లలే కాలక్షేపం.

ముసలివాళ్ళలో గవరమ్మ అనే దుప్పి ఉండేది. మూతి మీద వెంట్రుకలన్నీ తెల్లబడిపోయాయి. తన పిల్లలు ఎప్పుడో పెద్దవాళ్ళై పై అడవికి పోయారు. కిందటేడు వాగు పొంగినప్పుడు పైడి అనే ముంగిస పిల్ల తల్లి కొట్టుకుపోయింది. పైడిని వాళ్ళ పిన్ని తెచ్చిపెట్టుకుంది గాని, ఆవిడకి తన పిల్లలతోనే సరిపోయేది. దాంతో పగలంతా పైడి గవరమ్మ ముందుకాళ్ళ మధ్యనే ఉండేది. అక్కడే తినేది, అక్కడే కునుకు తీసేది. గవరమ్మని మామ్మా అని పిలిచేది. ఇద్దరిలో ఎవరు ఎవర్ని చూసుకుంటున్నారో చెప్పడం కష్టంగా ఉండేది.

ఆ ఏడు వానలు ముందే దిగాయి. గుహ నడిమి బండ మంచుముద్దలా చల్లబడింది. దాని మీద నడిస్తే ముసలివాళ్ళ కీళ్ళు పట్టేస్తున్నాయి, పిల్లలు ఆడుకుంటే కడుపులో నొప్పులు వస్తున్నాయి. అందరిలోకీ పెద్దవాడు పోలయ్య అనే ఎలుగు. ఈ బండ మీద మందపాటి గుడ్డ ఒకటి పరిచేద్దామని ఆయన అన్నాడు. అది ముసలివాళ్ళూ పిల్లలూ కలిసి మసిలే చోటు కాబట్టి వట్టి గుడ్డ కాకుండా, అందరికీ నచ్చేలా అద్దకం వేయించి పరుద్దామన్నాడు. అందరూ సరేనన్నారు. గిజిగాళ్ళు బూరుగుదూదితో గుడ్డ నేసి ఇచ్చాయి. అద్దకం పని తవిటమ్మకి అప్పగించారు.

తవిటమ్మ నడివయసు ఏదు. ఏదు పళ్ళంటే తెలిసిందే, చేవ కట్టెనైనా చెక్కేస్తాయి. ఆ పళ్ళతోనే టేకు చెక్క మీద అచ్చులు తొలిచేది. సన్నటి గీతలు కావాలంటే తన వీపు మీది ముల్లే పీకి రంగులో ముంచేది. ఇనుపరాళ్ళని ఇప్పపువ్వు రసంలో పులియబెట్టి నలుపు తీసేది, మంజిష్ట వేరుతో ఎరుపు, మోదుగ పువ్వుతో పసుపు. ఆమె చేతి పనికి కొండ మీద పేరుంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

పని మొదలెట్టే ముందు ఆమె అందరినీ అడిగింది. పిల్లలు పిట్టలు కావాలన్నారు, ఎరుపు కావాలన్నారు, గెంతడానికి వీలుగా ఏదైనా ఉండాలన్నారు. కన్నవాళ్ళు మురికి కనపడకుండా ఉంటే చాలన్నారు. ముసలివాళ్ళ దగ్గరికి వెళ్తే అందరూ ఒకే మాట చెప్పారు. గవరమ్మ అయితే తవిటమ్మ చెంప నిమిరి, "మాకేం కావాలమ్మా, నువ్వు ఏది వేసినా బాగుంటుంది" అంది. తవిటమ్మకి ఆ మాట ఆశీర్వాదంలా వినపడింది. ఇంకేమీ అడగకుండా లేచి వచ్చేసింది.

ఆ మాట వెనక మరో సంగతి ఉంది. గవరమ్మ చూపు మసకబారి ఏడాది దాటింది. కళ్ళు కనపడనివాళ్ళకి పిల్లల్ని అప్పగించకూడదని గుహలో ఒక నియమం ఉండేది. అంతకు ముందెప్పుడో చూపు ఆనని ఒక ముసలి కొండముచ్చు ముందే పిల్ల ఒకటి జారి బండ మీంచి పడిపోయింది. ఆ నియమం అప్పటిది. చూపు తగ్గిందని చెప్తే పైడిని తన దగ్గరికి రానివ్వరని గవరమ్మకి భయం. అందుకే ఎవరికీ చెప్పలేదు. పైడి అడుగుల చప్పుడు ఆమెకి తెలుసు, పైడి ఒంటి వాసన తెలుసు, అంతకన్నా ఏం కావాలి అనుకునేది. మిగతా ముసలివాళ్ళలో చాలామందిదీ అదే పరిస్థితి. ఎవరి మటుకు వాళ్ళు తమ ఒక్కరి కళ్ళే పోతున్నాయనుకుని నోరు మూసుకున్నారు.

ఈ సంగతి పోల్చుకున్నవాడు గుహలో ఒక్కడే. ఎర్రయ్య అనే నక్క.

ఎర్రయ్య ఆ ఏడు పెళ్ళాం పిల్లలతో ఆలస్యంగా వచ్చాడు. మంచి చోట్లన్నీ అప్పటికే నిండిపోయాయి. పైనుంచి నీళ్ళు కారే ఓ మూల అతనికి మిగిలింది. పొద్దున ఎండపొడ పడే చోటు మీద అతని కన్ను పడింది. అది ముసలివాళ్ళు కూర్చునే చోటు. లేవమంటే కొండంతా మీద పడుతుంది. వాళ్ళంతట వాళ్ళే రావడం మానేస్తే ఎవరూ ఏమీ అనరు కదా అని ఆలోచించాడు.

తవిటమ్మ అచ్చులు చెక్కుతుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె తొలిచిన పిట్టల్ని చూసి చాలా మెచ్చుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అసలు మాటకి వచ్చాడు.

"చెల్లీ, ముసలివాళ్ళ గురించి కూడా ఆలోచించావా? ఈ సన్న పనితనం వాళ్ళ కంటికి ఆనదు. పెద్ద పెద్ద నల్లటి పువ్వులు వెయ్యి, గుండ్రంగా. నలుపైతే ఎంత మసక కంటికైనా స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లలకీ ఒక పువ్వు మీంచి ఇంకో పువ్వు మీదికి గెంతే ఆట దొరుకుతుంది."

తవిటమ్మకి అది చాలా సబబుగా తోచింది. ముసలివాళ్ళ తరఫున ఎవరో ఒకరు ఆలోచించారు కదా అని సంతోషించింది కూడా. పిట్టల అచ్చులు అంచుకి వాడి, గుడ్డ నడుమంతా గుండ్రటి నల్లపువ్వులు అద్దింది. పువ్వు పువ్వుకీ మధ్య ఎరుపు, పసుపు చుక్కలు పెట్టింది. రంగు గుడ్డకి బాగా పట్టి, వాగునీళ్ళలో ఎన్ని సార్లు ఉతికినా చెక్కు చెదరలేదు. ఆరేసిన రోజు దాన్ని చూడ్డానికి పై అడవి నుంచి కూడా వచ్చారు. ఇంత మంచి పని తను ఇంతవరకూ చెయ్యలేదని తవిటమ్మ అనుకుంది. అది నిజమే.

గుడ్డని గుహ నడుమ ఈ గోడ వారనుంచి ఆ గోడ వారదాకా పరిచారు. ఉత్తరపు గోడ పక్కన మాత్రం ఇరుకైన దారంత బండ మిగిలింది. అక్కడ ఎప్పుడూ నీళ్ళు కారి పాచి పట్టి ఉండేది కాబట్టి దాని సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున ఎండ వచ్చింది. పిల్లలు పువ్వు మీంచి పువ్వు మీదికి గెంతుతున్నారు. గవరమ్మ రోజూలాగే లోపలి నుంచి లేచి వచ్చి, గుడ్డ అంచు దగ్గర ఆగిపోయింది. ఆమె కంటికి నల్లపువ్వులు కనపడలేదు. బండలో వరసగా తవ్విన గోతులు కనపడ్డాయి. లోతు తెలియని నల్లటి గోతులు. అది గుడ్డేనని ఆమె మనసుకి తెలుసు. నిన్న పరుస్తుంటే విన్నది కూడా. కాలికి ఆ సంగతి ఎక్కలేదు. ఒక డెక్క ముందుకి చాచింది, గాలిలో ఉంచింది, వెనక్కి తీసుకుంది. పక్కన పోలయ్య కూడా వచ్చి నిలబడ్డాడు. ఇవాళ మోకాళ్ళు లాగుతున్నాయని పోలయ్య అన్నాడు. నాకూ ఒంట్లో బాగాలేదని గవరమ్మ అంది. ఇద్దరూ వెనక్కి వెళ్ళి గడ్డి మీద కూర్చున్నారు.

మామ్మ రాలేదని పైడి చూసింది. తేళ్ళ భయం మరిచిపోయి, నల్లపువ్వుల మీంచి లోపలికి పరుగు తీసింది. గవరమ్మ కంటికి ఆ మసకలో, గోతుల వరస మీదికి ఉరుకుతున్న పిల్ల కనిపించింది. తన జన్మలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచింది.

"రావద్దు. అక్కడే ఆగు. వెనక్కి పో."

పైడి గుడ్డ నడిమధ్యన ఆగిపోయింది. మామ్మ తన మీద గొంతు పెంచడం దానికి తెలియదు. తల దించుకుని ఎండలోకి వెళ్ళిపోయింది. పిల్ల క్షేమంగా వెళ్ళిందని గవరమ్మ ఊపిరి పీల్చుకుంది. ఎందుకు అరిచిందో పిల్లకి చెప్పాలంటే తన కళ్ళ సంగతి చెప్పాలి. రేపు చెప్దాంలే అనుకుంది.

గుహ నోటి దగ్గర ముసలివాళ్ళ చోటు ఖాళీగా ఉంది. ఎర్రయ్య పెళ్ళాం పిల్లలతో వచ్చి అక్కడ సర్దుకున్నాడు. వాళ్ళు రాకపోతే వృథాగా పోతుంది కదా అన్నాడు. పిల్లల్ని తను చూసుకుంటానని కన్నవాళ్ళకి మాట కూడా ఇచ్చాడు. చూసుకున్నాడు కూడా, ఆ మాట కాదనకూడదు. కాకపోతే ముసలివాళ్ళ గురించి పిల్లలు అడిగినప్పుడల్లా ఒకటే చెప్పేవాడు. వయసు మీద పడితే అల్లరి గిట్టదు, మిమ్మల్ని చూస్తే విసుగు, వాళ్ళ జోలికి పోకండి అని. పైడి ఆ మాట నమ్మింది. తన చెవులతో తనే విన్నది కదా.

తవిటమ్మకి మాత్రం మనసులో కష్టంగానే ఉంది. ఇంత చేసి పరిస్తే ముసలివాళ్ళు దాని మీద అడుగైనా పెట్టలేదు. గవరమ్మ దగ్గరికి వెళ్ళి, గుడ్డ నచ్చలేదా పెద్దమ్మా అని అడిగింది. చాలా బాగుందమ్మా, మోకాళ్ళు సహకరించట్లేదు, అంతే అని గవరమ్మ చెప్పింది. మిగిలినవాళ్ళదీ అదే జవాబు. ఒకేసారి ఇంతమందికి మోకాళ్ళు ఎలా పట్టేశాయని తవిటమ్మ ఆలోచించి ఉండవలసింది. ఆమెకి ఇంకోలా తోచింది. కొత్తది ఏది చేసినా ముసలివాళ్ళకి నచ్చదని, పైకి చెప్పరు గాని అలిగారని అనుకుంది. చిన్నబుచ్చుకుని, మళ్ళీ వాళ్ళ వైపు వెళ్ళడం తగ్గించింది.

వానలు ముదిరాయి. ఎండ తగలక గవరమ్మకి దగ్గు పట్టుకుంది. పొద్దున్నే గుడ్డ అంచుదాకా వచ్చి నిలబడేది. పిల్లల కేకల్లో పైడి గొంతు ఎక్కడుందో వెతుక్కునేది. మొదట్లో వినపడేది. తర్వాత్తర్వాత పైడి ఆటల్లో అరవడం తగ్గిపోయింది. ఒక మూల కూర్చుని చూస్తూ ఉండేది.

ఒకరోజు మబ్బు కమ్మి ఉంది. వయసువాళ్ళంతా తిండికి పోయారు. ఎర్రయ్య తన పిల్లల్ని పడుకోబెట్టుకుని నిద్రపోతున్నాడు. తవిటమ్మ గుహ బయట చూరు కింద రంగులు కలుపుకుంటోంది. పైడికి ఆ పూట జ్వరం తగిలింది. గుహ నోటి దగ్గర ముడుచుకుని పడుకుని మూలగడం మొదలెట్టింది. ఏ తల్లి పిల్లయినా జ్వరంలో తల్లిని పిలుస్తుంది. పసిగుడ్డుగా ఉన్నప్పుడే పోయిన తల్లి పైడికి గుర్తులేదు. మామ్మా అని పిలిచింది. గట్టిగా కాదు, తనలో తనే అనుకున్నట్టు.

గవరమ్మ చెవులకి అది చాలు. లేచి వచ్చింది. గుడ్డ అంచున డెక్క పెట్టబోయింది. గోతులు. కళ్ళు మూసుకుని నడుద్దామనుకుంది. మూసుకున్న కళ్ళలోనూ గోతులే కనిపించాయి. పైడి మళ్ళీ పిలిచింది. ఇంక ఆగలేక ఉత్తరపు గోడ వారకి తిరిగింది. అక్కడ గోతులు లేవు. నీళ్ళు కారే పాచి బండ మాత్రం ఉంది. గోడకి ఒళ్ళు ఆనించి, ఒక్కో అడుగూ వేసుకుంటూ సగందాకా వచ్చింది.

పాచి మీద జారి పడిన చప్పుడు విని తవిటమ్మ లోపలికి పరిగెత్తింది. గవరమ్మ వెనక కాళ్ళు ఒంటి కింద వంకరగా ఉన్నాయి. కాని ఆమె చూపు గుహ నోటి వైపే ఉంది. పైడికి ఒళ్ళు కాలుతున్నట్టుంది, తడిగుడ్డ వెయ్యమని చెప్పింది. తవిటమ్మ పైడిని ఎత్తుకుని తెచ్చేలోపు గవరమ్మ కళ్ళు మూసింది. తెచ్చిన పిల్లని తవిటమ్మ దించలేదు. అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

సాయంత్రం అందరూ చేరారు. పోలయ్య తల వంచుకుని కూర్చున్నాడు. చేతికందే దూరంలో మెత్తటి గుడ్డ పెట్టుకుని ఈ పాచి మీంచి ఎందుకు వచ్చిందని తవిటమ్మ పదే పదే అడిగింది. ముసలితనం పంతం చెల్లీ, వాళ్ళని మనం మార్చలేం అని ఎర్రయ్య అన్నాడు. ఆ మాట ఆమెకి నచ్చలేదు.

గవరమ్మ పోయిన తర్వాత వాగు రెండు గట్లూ మింగేసింది. అవతలి ఒడ్డున ఎర్రయ్య తమ్ముడి బొరియ ఉండేది. వాళ్ళ తల్లి అసిరమ్మ ఆ తమ్ముడి దగ్గరే ఉండేది. నీళ్ళు బొరియలోకి రావడంతో తమ్ముడు తన పిల్లల్ని పట్టుకుని ఎటో పోయాడు. అసిరమ్మ ఒంటరిగా కొండ చుట్టూ తిరిగి, గుహకి వెనక ఉన్న సన్నటి సందులోంచి ఎలాగో ఒళ్ళు దూర్చుకుని, ముసలివాళ్ళు పడుకునే చోట బయటపడింది. తడిసి ముద్దయింది. వణికిపోతోంది.

ముసలివాళ్ళు ఆమెకి గడ్డి పరిచారు. నీ కొడుకు ఇక్కడే ఉన్నాడు, అదిగో ఎండలో అని చెప్పారు. అసిరమ్మ ముఖం వెలిగింది. అప్పటికి వాన తెరిపిచ్చింది గాని, వాగు పొంగి ఉండడంతో అందరూ గుహలోనే ఉన్నారు. ఆమె ఆత్రంగా లేచి ముందుకి నడిచి, గుడ్డ అంచు దగ్గరికి రాగానే ఆగిపోయింది.

"ఎర్రా, ఈ గోతుల మీంచి నేనెలా రానురా?" అని కేకేసింది.

ఎర్రయ్య ఉలిక్కిపడి లేచాడు. అవి గోతులు కావమ్మా, గుడ్డే, నెమ్మదిగా నడిచి వచ్చెయ్ అన్నాడు. అతని గొంతు సన్నగా ఉంది.

"గుడ్డని నువ్వంటే నమ్ముతానురా. నా కాలు నమ్మొద్దూ? నల్లగా గుండ్రంగా ఏది కనపడినా నాకు గొయ్యే అవుతుందని నీకు తెలియదా? బొరియ ముందు నీడ పడితేనే నేను ఆగిపోయేదాన్ని. నా దగ్గరున్నన్నాళ్ళూ నువ్వే కదూ చెయ్యి పట్టుకుని దాటించేవాడివి. ఇంకెవరికీ తెలియకపోవచ్చు గాని, నీకు తెలుసు కదా."

ముందుగా లేచినవాడు పోలయ్య. అసిరమ్మ పక్కకి వచ్చి గుడ్డ వైపు చూస్తూ, నాకూ అవి గోతులే అని చెప్పాడు. సిగ్గుపడుతూ చెప్పాడు. ఆయన వెనక ఇంకొక ముసలి దుప్పి అదే మాట చెప్పింది. తర్వాత ఒక కుందేలు తాత. ఒక్కొక్కరే చెప్తుంటే, మిగిలినవాళ్ళు ఆశ్చర్యంగా వింటున్నారు. ఇన్నాళ్ళూ పక్కపక్కనే కూర్చుని ఒకరికొకరు మోకాళ్ళ నొప్పులు చెప్పుకున్నారు.

తవిటమ్మ ఎర్రయ్య వైపు చూసింది. అతను తల ఎత్తలేదు. అడగవలసిన పని ఆమెకి లేకుండా పోయింది.

వయసువాళ్ళు కోపం పట్టలేక, వీణ్ణి వానలోకి పంపెయ్యాలన్నారు. పోలయ్య వద్దన్నాడు. వాడి పిల్లలు చిన్నవాళ్ళని, వానలోకి పోవడానికి వాళ్ళేం పాపం చేశారని అన్నాడు. ఎర్రయ్య తల్లిని ఎత్తుకుని దాటిద్దామని ఇవతలికి వచ్చాడు. అసిరమ్మ అతని ముఖాన్ని తడిమి చూసింది. కళ్ళతో పోల్చుకోలేనిదాన్ని వేళ్ళతో వెతికినట్టు.

"ఈ గోతులు నువ్వు చెప్తే వేసినవేనా?" అని అడిగింది.

అతను ఆ చేతి కింద తల దించుకున్నాడు. ఆమె చెయ్యి తీసేసి, వెనక్కి తిరిగి ముసలివాళ్ళ మధ్య గడ్డి మీద కూర్చుంది. ఎంత బతిమాలినా ఎండలోకి రాలేదు. ఎర్రయ్య తిండి తెచ్చి పెడితే, అక్కడ పెట్టు అనేది. అతను వెళ్ళాక పక్కవాళ్ళకి పంచేది. కోరుకున్న చోటు ఎర్రయ్యకి దక్కింది. అక్కణ్ణించి అతన్ని ఎవరూ లేపలేదు. అతని పెళ్ళాం పిల్లలు కూడా ఎండ వచ్చినప్పుడు లేచి ఇంకో పక్కకి పోయేవాళ్ళు. అతనొక్కడే కూర్చునేవాడు.

తవిటమ్మ గుడ్డని చుట్టబెట్టింది. ఆ నలుపు పోదు, ఆమె అలాంటి రంగే తీసింది. అంచేత దాన్ని చించి, ఉత్తరపు గోడ వార నీళ్ళు కారే సందుల్లో కుక్కింది. ఆ పని చేస్తున్నంతసేపూ ఎవరైనా వచ్చి ఎర్రయ్యని తిడితే, చెప్పింది ఎర్రయ్య, అద్దింది నేను అనేది. ముసలివాళ్ళని అడిగాను గాని, వాళ్ళ చేత ఒక్క అడుగైనా వేయించి చూడలేదు అనేది.

గిజిగాళ్ళు ఇంకో గుడ్డ నేశాయి. ఈసారి తవిటమ్మ దాన్ని వెంటనే ముట్టుకోలేదు. చిన్న చిన్న గుడ్డముక్కల మీద రకరకాల అచ్చులు అద్ది, ముసలివాళ్ళు పడుకునే చోటికి తీసుకెళ్ళి నేల మీద పరిచింది. ఇది మీ కంటికి ఏమిటి అని ఒక్కొక్కర్నీ అడిగింది. బాగుందమ్మా అంటే ఊరుకోలేదు. బాగోగులు కాదు, ఏం కనపడుతోందో చెప్పండి అంది. లతల అచ్చు చూసి పోలయ్య పాములన్నాడు. చుక్కల అచ్చు చూసి అసిరమ్మ చీమలు పాకుతున్నాయంది. మెరిసే నీలం చూసి కుందేలు తాత నీళ్ళనుకుని కాలు ఎత్తాడు. తర్వాత తన ఎత్తిన కాలు చూసుకుని తనే నవ్వాడు. ఆ మూల నవ్వు వినపడి చాలా రోజులైంది. చూపు తగ్గినవాళ్ళకి పిల్లల్ని అప్పగించకూడదన్న నియమం కూడా ఆ పూటే మార్చారు. చూపు ఉన్నవాళ్ళు ఒకరు, లేనివాళ్ళు ఒకరు జతగా కూర్చోవాలని పోలయ్య చెప్పాడు. ఇంక ఎవరూ దాచుకోనక్కర్లేదు.

చివరికి ఆ కొత్త గుడ్డంతా లేత పసుపు రంగు వేసింది. దాని మీద పిల్లలు అడిగిన పిట్టల్ని, ఆ పసుపు కన్నా కాస్తే ముదురు రంగులో అద్దింది. పిల్లల కంటికి అవి పిట్టలు, ముసలివాళ్ళ కంటికి ఎండలో కదిలే గడ్డి. అంచు చుట్టూ ఎర్రటి ఆకుల పట్టీ ఒకటి వేసింది. గుడ్డ ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ అయిపోతుందో దాన్ని బట్టి తెలుస్తుంది. రంగులు ఆరేలోపు ముసలివాళ్ళని నాలుగైదు సార్లు పిలిచి దాని పక్కన నిలబెట్టి అడిగింది. విసుక్కున్నా వదల్లేదు.

ఎండ వచ్చిన రోజు పరిచారు. పోలయ్య ముందు అడుగేశాడు. ఆగాడు. ఇంకో అడుగేశాడు. ఆయన వెనక అందరూ నెమ్మదిగా నడిచి గుహ నోటి దగ్గరికి చేరారు. అసిరమ్మ కూడా వచ్చింది. కొడుకు పక్కన కాకుండా కుందేలు తాత పక్కన కూర్చుంది. పిల్లలు వాళ్ళ మీదకి ఎగబడ్డారు.

పైడి మాత్రం గుడ్డ మీదికి రాలేదు. తవిటమ్మ వెళ్ళి దాని పక్కన కూర్చుంది. పిట్టలు బాగోలేవా అని అడిగింది. బాగున్నాయంది. ఆ నల్లపువ్వులు ముసలివాళ్ళకి నిజంగా గోతుల్లా కనిపించేవా అని పైడి అడిగింది. నిజంగానే అని తవిటమ్మ చెప్పింది.

"అయితే మామ్మ నన్ను వెనక్కి పొమ్మంది, నేను గోతిలో పడిపోతాననా?"

"అవునే."

"నా మీద కోపం కాదా?"

"కాదే తల్లీ. ఎన్నడూ కాదు."

పైడి ఆ మాట విని ఏడవలేదు. వెళ్ళి గుడ్డ మీద, లోపలి అంచున, గవరమ్మ రోజూ వచ్చి ఆగిపోయిన చోట పడుకుంది. తవిటమ్మ దాన్ని లేపలేదు. ఆ పక్కనే తనూ కూర్చుని, ముళ్ళు గుచ్చుకోకుండా ఒళ్ళు దగ్గరికి ముడుచుకుని, ఎండ తిరిగిపోయేదాకా ఉంది.

నలుగురి కోసం పని తలపెట్టినవాళ్ళు తెలుసుకోవలసింది ఇది: పెద్దవాళ్ళు మాకేం కావాలమ్మా అన్నారంటే, మనం ఇంకా సరిగ్గా అడగలేదని అర్థం.